పాస్‌వర్డ్‌లు ఎలా దాచారో కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పాస్‌వర్డ్‌ల గురించి మీ జిల్లా ఎడిషన్‌లో వేసిన సూచనలు చదివాను. పెద్ద అక్షరం ఒకటి ఉండాలి, అంకె ఉండాలి, నెలకోసారి మార్చాలి, ఎవరికీ చెప్పకూడదు అని రాశారు. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అందులో బాధ్యత మొత్తం పాస్‌వర్డ్ పెట్టుకునే మామూలు జనం మీదే వేశారు. మనం పెట్టిన పాస్‌వర్డ్ అవతల సర్వర్‌లో ఏ రూపంలో ఉంటోంది, ఆ డేటాబేస్ రేపు ఎవడైనా ఎత్తుకుపోతే వాడికి అందులో ఏం దొరుకుతుంది అన్న విషయం మీద ఒక్క వాక్యం కూడా లేదు. నేను తిరుపతిలోనే ఉంటూ సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసే పని చేస్తున్నాను, లాగిన్ వ్యవహారం నాకు రోజూ ఉండేదే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కుదించి వేసుకున్నా ఫర్వాలేదు, విషయం మాత్రం వదిలేయకండి.

మా వీధిలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఒకరు కాలేజీ ఫీజు కట్టే వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయి ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కింది. నిమిషంలో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ పాస్‌వర్డ్ ఇదీ అని. తను చేరిన కొత్తలో పెట్టుకున్నదే, పొల్లు పోకుండా అలాగే. పని అయిపోయిందని ఆ అమ్మాయికి సంతోషం, నాకేమో టెన్షన్. ఎందుకంటే మన పాత పాస్‌వర్డ్‌ను తిరిగి మనకు చెప్పగలిగిన వెబ్‌సైట్, దాన్ని చదవగలిగే రూపంలోనే దాచుకుందని అర్థం. వెబ్‌సైట్ చేసినవాళ్లెవరో కనుక్కుని ఫోన్ చేశాను. “ఎన్‌క్రిప్ట్ చేసే పెట్టాం సార్, భయం లేదు” అన్నారు. నా భయం సరిగ్గా దాని గురించే.

ఈ పని తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. లాగిన్ అయ్యేటప్పుడు మన పాస్‌వర్డ్ ఏమిటో సర్వర్‌కు తెలిసి ఉండాల్సిన అవసరమే లేదు. ఇప్పుడు కొట్టిందీ, ఆ రోజు పెట్టుకున్నదీ ఒకటేనా కాదా అన్నది తేలితే చాలు. దానికే హ్యాష్ ఫంక్షన్లు ఉన్నాయి. ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా లెక్కల్లో వేసి కలిపి తిప్పి, ఒకే పొడవు ఉండే అర్థం లేని అక్షరాల వరసగా మార్చేస్తాయి. అదే పాస్‌వర్డ్ ఇస్తే అదే వరస వస్తుంది, ఒక్క అక్షరం మారిందంటే పూర్తిగా వేరే వరస వస్తుంది. వెనక్కి మాత్రం దారి లేదు. రాగులు మరలో పోసి పిండి పట్టించాక ఆ పిండిని మళ్లీ గింజలు చేయలేం కదా, అలాగన్నమాట. డేటాబేస్‌లో ఉండాల్సింది ఆ వరస ఒక్కటే. దాన్ని ఎత్తుకుపోయినవాడికి మిగిలే దారి, ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి, హ్యాష్ చేసి, ఆ వరసతో పోల్చి చూసుకోవడమే. ఎన్‌క్రిప్షన్ అలా కాదు, కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య సంఖ్య, ఉంటే మొత్తం విప్పుకోవచ్చు, ఆ కీ కూడా చాలాసార్లు అదే సర్వర్‌లో ఏదో కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. డేటాబేస్ దాకా వచ్చినవాడు ఆ ఫైలు చూడకుండా పోతాడా? 2013లో అడోబీ కంపెనీ నుంచి కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, వాళ్లు కూడా ఎన్‌క్రిప్టే చేశారు. అందరికీ ఒకటే కీ, ఒకటే పద్ధతి వాడారు కాబట్టి ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న లక్షల మందికి ఒకే గుర్తు కనిపించింది, పక్కనే ‘గుర్తు కోసం’ అని జనం రాసుకున్న సూచనలు మామూలుగా చదవగలిగేలా ఉన్నాయి. కీ లేకుండానే చాలా పాస్‌వర్డ్‌లు తెలిసిపోయాయి.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో చాలామంది కలిసి వాడే సీటీఎస్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో, రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాళ్లకూ ఆ రోజు నోటీసుకు బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది. పాస్‌వర్డ్‌లు అక్కడ ఉన్నదున్నట్టుగా రాసి ఉన్నాయి కాబట్టే కదా ఆ గొడవ. అదే దశాబ్దంలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధమ్, అసలు పాస్‌వర్డే దాచవద్దు, వెనక్కి తిప్పలేని ఫంక్షన్‌లో వేసి ఆ ఫలితాన్ని దాచండి అనే ఆలోచన అమల్లో పెట్టారు. తర్వాత యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసినవాళ్లు దాన్ని అందుకున్నారు. 1979లో వాళ్లలోని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ పాస్‌వర్డ్‌ల భద్రత మీద ఒక వ్యాసం రాశారు, ఇప్పుడు చదివినా అందులో సగం మన కోసమే రాసినట్టుంటుంది. వాళ్లు 3,289 పాస్‌వర్డ్‌లు సేకరించి చూస్తే 86 శాతం తేలిగ్గా దొరికిపోయేవే. జనం అలవాట్లు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, అందుకే అవతలివైపు గట్టిగా ఉండాలని వాళ్లు రెండు పనులు చేశారు.

మొదటిది సాల్ట్. ప్రతి ఖాతాకూ పాస్‌వర్డ్‌తో పాటు యాదృచ్ఛికంగా తీసిన ఒక చిన్న సంఖ్యను కలిపి హ్యాష్ చేస్తారు, ఆ సంఖ్యను హ్యాష్ పక్కనే రాసి పెడతారు. అది రహస్యం కాదు, కానక్కర్లేదు. దానివల్ల ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా హ్యాష్‌లు వేరువేరుగా ఉంటాయి, దొంగ ముందుగానే పెద్ద పట్టిక తయారు చేసుకుని వచ్చినా అది పనికిరాదు, ఒక్కొక్కరి మీదా విడివిడిగా మొదటి నుంచీ కష్టపడాలి. యునిక్స్‌లో అప్పట్లో 4,096 రకాల సాల్ట్‌లు ఉండేవి, ఇప్పుడు 128 బిట్ల సాల్ట్ మామూలు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి సుమారు 65 లక్షల హ్యాష్‌లు బయటికొచ్చినప్పుడు అందులో సాల్ట్ లేదు, షా-1 అనే వేగవంతమైన ఫంక్షన్ ఒక్కసారి వేసి వదిలేశారు. వాటిలో ఎక్కువ భాగం పాస్‌వర్డ్‌లు చాలా త్వరగా దొరికిపోయాయి. అదే దొంగతనంలో హ్యాష్‌లతో సహా పోయిన ఖాతాలు 11.7 కోట్ల దాకా ఉన్నాయని 2016లో తేలింది.

రెండోది ఆలస్యం. హ్యాష్ ఫంక్షన్ కావాలనే నిదానంగా ఉండాలి. మా రంగంలో పనిచేసేవాళ్లకే ఇది చాలామందికి ఎక్కదు, ఎందుకంటే మిగతా అన్నిచోట్లా మేం వేగం కోసమే కష్టపడతాం. యునిక్స్‌లో డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని పాస్‌వర్డ్‌నే కీగా పెట్టి వరసగా 25 సార్లు నడిపేవాళ్లు. పైగా అంగట్లో దొరికే డీఈఎస్ చిప్పులు కొనుక్కొచ్చి పగలగొట్టకుండా, సాల్ట్‌ను బట్టి ఆ పద్ధతి లోపలి అమరికనే కొద్దిగా మార్చారు. ఈ కాలానికి అదీ చాలదు.

ఎందుకు చాలదో ఒక లెక్క చెబుతాను, దయచేసి ఈ లెక్క మాత్రం వేయండి. పిల్లలు గేములు ఆడుకోవడానికి కొనే ఆర్‌టీఎక్స్ 4090 అనే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి, హ్యాష్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఎండీ5 అనే పాత, వేగవంతమైన ఫంక్షన్ హ్యాష్‌లను సెకనుకు 16 వేల కోట్లకు పైగా వేసి చూడగలదు. మన దగ్గర చాలామంది పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరే పెట్టుకుంటారు. 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెల నంబర్లన్నీ కలిపినా 400 కోట్లే. అంటే వెబ్‌సైట్‌వాళ్లు ఎండీ5 వాడి ఉంటే దేశంలో ఉండే ప్రతి మొబైల్ నంబరునూ ప్రయత్నించి చూడటానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఇంగ్లిష్ చిన్నక్షరాలు ఎనిమిది ఉన్న పాస్‌వర్డ్‌లు మొత్తం, ఒక్కటి కూడా వదలకుండా, రెండు సెకన్లలోపే అయిపోతాయి. అదే పాస్‌వర్డ్‌లను కావాలనే నిదానంగా చేసిన బీక్రిప్ట్ అనే హ్యాష్ ఫంక్షన్‌తో దాచారనుకోండి. దాంట్లో కాస్ట్ అని ఒక అంకె ఉంటుంది, అది ఒకటి పెంచితే పని రెట్టింపవుతుంది. కాస్ట్ 5 దగ్గర ఆ కార్డు వేగం సెకనుకు సుమారు 1,84,000కు పడిపోతుంది, కాస్ట్ 12 దగ్గర 1,400 పైచిలుకు. ఇప్పుడు ఆ 400 కోట్ల నంబర్లూ వేసి చూడాలంటే నెల రోజులు దాటుతుంది, అదీ ఒక్క మనిషికి, సాల్ట్ ఉంది కాబట్టి పక్క మనిషికి ఇంకో నెల. ఒకే డేటాబేస్, ఒకే పాస్‌వర్డ్‌లు, ఒకే దొంగ. ఆ వెబ్‌సైట్ రాసినవాడు ఏ ఫంక్షన్ పిలిచాడన్నదే మొత్తం తేడా.

పుట్టినరోజు పెట్టుకుంటే మాత్రం బీక్రిప్ట్ కూడా కాపాడలేదు. నూరేళ్ల తేదీలన్నీ కలిపి 36,500, అర నిమిషం లోపే అయిపోతాయి. కాబట్టి మీరు జనానికి చెప్పిన జాగ్రత్తలు వృథా అని నేను అనడం లేదు. కానీ పెద్ద అక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అని ఒత్తిడి చేస్తే మన ఊళ్లో జనం ఏం పెడతారో మీకూ తెలుసు: ఇంగ్లిష్‌లో తిరుపతి@123, బాలాజీ@2024 లాంటివి. నియమాలన్నీ పాటించినట్టే ఉంటుంది, దొంగ జాబితాలో మొదటి పేజీలోనే ఉంటుంది. నెలకోసారి మార్చమంటే చివర్లో ఉన్న అంకె ఒకటి పెంచుతారు, అంతే. అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే నిస్ట్ సంస్థ 2017లోనే, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని, అక్షరాల రకాల నియమాలు పెట్టవద్దని, దానికి బదులు పొడవైనవి పెట్టుకోనివ్వండి, ఇప్పటికే బయటపడిన జాబితాల్లో ఉన్నవాటిని ఒప్పుకోవద్దు అని చెప్పింది. మీ తర్వాతి సూచనల్లో నెలకోసారి మార్చమన్న మాట తీసేయమని నా విన్నపం.

పొడవు అంటే గుర్తొచ్చింది, దీని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. కొందరు తెలుగు లిపిలోనే పొడుగాటి వాక్యం పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటున్నారు, మంచి అలవాటు, బయటి దొంగల జాబితాల్లో అలాంటివి తక్కువ. కానీ బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే (బైటు అంటే కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే చిన్న కొలత) చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, మన తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ‘మామిడితోపులో నల్లకోడి నిద్రపోయింది’ అని పెట్టుకున్నారనుకోండి, అది 98 బైట్లు. బీక్రిప్ట్ ‘నిద’ దాకా చూసి, ఆ తర్వాతి గుర్తులో మూడోవంతు చూసి ఆగిపోతుంది. చాలా లైబ్రరీల్లో, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లకు సిద్ధంగా దొరికే కోడ్‌లో, ‘నిద’ తర్వాత ఏ తెలుగు అక్షరాలు కొట్టినా లాగిన్ అయిపోతుంది, కొన్ని మాత్రమే ఎర్రర్ ఇస్తాయి. 2024లో ఆక్టా అనే పెద్ద లాగిన్ సేవల కంపెనీ ఇలాంటి పరిమితి వల్లే ఇబ్బంది పడింది. యూజర్ పేరు 52 అక్షరాలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ సంగతే చూడకుండా లోపలికి పోనిచ్చే లోపం అది.

ఇంకొకటి, ‘తైలం’లో ఉండే ఐత్వాన్ని, కంప్యూటర్లో అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు, కంటికి తేడా తెలియదు. ఒక కీబోర్డు ఒకలా, ఇంకో కీబోర్డు ఇంకోలా పంపితే హ్యాష్ వేరే వస్తుంది, మనిషి ఏమో సరిగ్గానే కొట్టానని తల పట్టుకుంటాడు. హ్యాష్ చేసే ముందు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి మార్చుకోవాలి. మన భాషవాళ్లు వాడే వెబ్‌సైట్లు మనవాళ్లే రాస్తున్నప్పుడు ఇది మనం పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు?

ఇక్కడే కాలేజీల సంగతి వస్తుంది. తిరుపతి చుట్టూ ఇన్ని యూనివర్సిటీలు, ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఏటా వేలమంది పిల్లలు కంప్యూటర్ చదువుతో బయటికొస్తున్నారు. సాయం అడిగి నా దగ్గరికి వచ్చే పిల్లల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చూస్తుంటాను. యూజర్స్ అని ఒక టేబుల్, అందులో పాస్‌వర్డ్ అని 20 అక్షరాల కాలమ్, లోపల ఉన్నదున్నట్టుగా అడ్మిన్123. బీక్రిప్ట్ ఫలితం 60 అక్షరాలు ఉంటుంది, ఆ 20లో అది ఎలాగూ పట్టదు, అంటే టేబుల్ గీసినరోజే ఆ ఆలోచన లేదన్నమాట. పిల్లలను అనడం లేదు, ప్రాజెక్టు సెంటర్లలో కొనుక్కొచ్చిన కోడ్ అలా ఉంది, వైవాలో దాని గురించి అడిగేవాళ్లు లేరు. ఆ పిల్లలే రెండేళ్ల తర్వాత ఊళ్లో ఆస్పత్రికీ, చిట్‌ఫండ్ కంపెనీకీ, లాడ్జికీ వెబ్‌సైట్ చేస్తారు. సీ భాష నేర్పే ల్యాబుల్లో ఒక్క పూట దీనికి కేటాయించినా చాలు: సాల్ట్‌ను ర్యాండ్ అనే మామూలు ఫంక్షన్‌తో తీస్తే ఎందుకు ఊహించగలరో, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే గెట్‌ర్యాండమ్‌ను ఎందుకు పిలవాలో, పని అయ్యాక మెమరీలో పాస్‌వర్డ్‌ను మెమ్‌సెట్ అనే ఫంక్షన్‌తో తుడిస్తే, దాన్ని ఆ తర్వాత ఎవరూ చదవడం లేదు కదా అని కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ ఆ లైనునే తీసేసే ప్రమాదం ఎలా ఉంటుందో, అలా తీసేయకుండా తుడిచే ఎక్స్‌ప్లిసిట్ బీజీరో అనే ఫంక్షన్ ఎందుకు పుట్టిందో చేసి చూపించొచ్చు. యునిక్స్‌లో హ్యాష్‌లు ఉన్న ఫైలును మొదట్లో ఎవరైనా చదవగలిగేవాళ్లు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను పడగొట్టిన వర్మ్, అంటే తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే ప్రోగ్రాం, ఆ ఫైలు చదివి, ఖాతా పేర్లూ, తనతో తెచ్చుకున్న 432 మాటల జాబితా వేసి పాస్‌వర్డ్‌లు పట్టుకుంది. అది రాసిన కుర్రాడు, పైన చెప్పిన రాబర్ట్ మోరిస్ కొడుకే. హ్యాష్‌లు ఇప్పుడు షాడో ఫైలులో, కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఉండే రూట్ ఖాతాకు మాత్రమే కనిపించేలా ఉంటున్నాయంటే అలాంటి దెబ్బలు తిని నేర్చుకున్నదే. ఇలా చెబితే ఏ పిల్లవాడు వినడు?

చట్టం సంగతి కూడా ఒక మాట. ఐటీ చట్టం కింద 2011లో తెచ్చిన నిబంధనల్లో సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో పాస్‌వర్డ్ ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సరైన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది. చిన్న ఊరి వెబ్‌సైట్‌వాళ్లకు ఇవి తెలియజేసేది మీలాంటి పత్రికలే.

అందుకని మీ విలేకరులకు నా విన్నపం. ఏ సంస్థ డేటా పోయిందని వార్త వచ్చినా, ఎన్ని లక్షల ఖాతాలు అన్న లెక్కతో ఆపకుండా, పాస్‌వర్డ్‌లు హ్యాష్ చేసి ఉన్నాయా, ఏ ఫంక్షన్, సాల్ట్ ఉందా అని అడిగి, వాళ్లు చెప్పిన జవాబును వేయండి. చెప్పకపోతే చెప్పలేదని వేయండి. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నదున్నట్టుగా బయటపడ్డాయి, ఈనాటికీ దొంగలూ పరిశోధకులూ ఆ జాబితానే మొదట వాడతారు. 3.2 కోట్ల సరైన బీక్రిప్ట్ హ్యాష్‌లు పోయి ఉంటే ఆ కథ వేరేగా ఉండేది. రెండు వార్తల్లోనూ సంఖ్య ఒకటే, జనానికి జరిగిన నష్టం ఒకటి కాదు.

ఇదంతా ఖర్చు, సర్వర్ స్లో అవుతుంది అనేవాళ్లున్నారు. లాగిన్ అయ్యేటప్పుడు ఒక్కసారి పావు సెకను పడుతుంది, ఆ తర్వాత మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా సెషన్ నడుస్తుంది, రిజల్ట్స్ వచ్చే రోజు రద్దీకి కూడా దానికి తగ్గట్టు కాస్ట్ పెట్టుకోవచ్చు. బీక్రిప్ట్ ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు చేసి, 1999లో వ్యాసంగా ప్రకటించింది, ఉచితం. మెమరీ కూడా ఎక్కువ తినేలా చేసి గేమింగ్ కార్డుల పని కష్టం చేసే ఆర్గాన్2 2015లో పోటీలో గెలిచింది, అదీ ఉచితమే. వెబ్‌సైట్లు రాయడానికి మన దగ్గర ఎక్కువమంది వాడే పీహెచ్‌పీ భాషలో 2013 నుంచి పాస్‌వర్డ్ హ్యాష్ అనే ఫంక్షన్ ఉంది, సాల్ట్ కూడా అదే పెట్టుకుంటుంది, పోల్చడానికి పాస్‌వర్డ్ వెరిఫై ఉంది. ఇప్పటికే నడుస్తున్న వెబ్‌సైట్ అయితే ఉన్నదున్నట్టుగా రాసి పెట్టిన పాస్‌వర్డ్‌లన్నిటినీ ఈ రాత్రే హ్యాష్ చేసి అసలువి చెరిపేయొచ్చు, వాడేవాళ్లకు తేడా కూడా తెలియదు. ఎండీ5 ఉంటే దాని మీదే బీక్రిప్ట్ వేసి పెట్టి, ఎవరు లాగిన్ అయితే వాళ్లది ఆ క్షణంలో కొత్త పద్ధతిలోకి మార్చుకుంటూ పోవచ్చు. ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కినవాళ్లకు పాతది పంపకుండా, కాసేపటికి పనిచేయకుండా పోయే లింకు పంపాలి. పాత బ్యాకప్‌లు తీసేయడం మాత్రం మర్చిపోవద్దు, టేబుల్ మార్చినా పోయిన నెల బ్యాకప్‌లో ఆ పాస్‌వర్డ్‌లన్నీ చదవగలిగేలా అలాగే ఉంటాయి.

ఇట్లు
ఒక పాఠకుడు
కొర్లగుంట, తిరుపతి